యంత్రానికి చుట్టరికాలు

యంత్రానికి చుట్టాల పేర్లు నేర్పిన మొట్టమొదటి మనిషి ఈ భూమ్మీద ఆవిడే. ఆవిడకు ముందు ఎవరూ లేరు. తర్వాత వచ్చినవాళ్ళంతా ఆవిడ నడిచిన దారిన నడిచినవాళ్ళే. కాదనేవాళ్ళెవరైనా ఉంటే ఎదురుగా వచ్చి కూర్చోవచ్చు. కథ అయ్యేదాకా మాత్రం లేవనిచ్చేది లేదు.

ముందు ఆ యంత్రం సంగతి చెప్పుకోవాలి. ఇప్పుడు జేబులో వేసుకు తిరిగే సరుకు కాదది. ఒక పెద్ద హాలు, హాలు నిండా ఇనప బీరువాలు, బీరువాల నిండా గాజు బల్బుల్లా ఎర్రగా వెలిగే వాల్వులు, వాటి మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేటంత సందు. ఓసారి జారిపడిన మరమేకును వెతకడానికి ఒక పనివాడు లోపలికి పాకి వెళ్ళి, దారి తప్పి, గడ్డం పెరిగాక ఇంకో మూల నుంచి బయటికొచ్చాడని చెప్పుకునేవారు. గడ్డం మాట ఎలా ఉన్నా, ఆ వేడికి చొక్కా తడిసి ముద్దయ్యేదన్నది మాత్రం కళ్ళారా చూసిన నిజం. ఇంతా చేసి ఆ యంత్రానికి వచ్చిందేమిటయ్యా అంటే కూడటం, తీసెయ్యడం, రెండంకెల్లో ఏది పెద్దదో చూడటం. అదైనా ఎవరో ఒకరు పూసగుచ్చినట్టు వరసగా రాసిస్తేనే.

ఆ రాసిచ్చేవాళ్ళలో ఆవిడ ఒకరు. అందరూ ఆవిడను వదిన అనేవారు. దానికి పెద్ద కారణమేం లేదు. యంత్రం నడిపేది ఆవిడ సొంత మరిది. అతను హాలు ఈ కొసన నిలబడి 'వదినా' అని ఒక్క కేక వేస్తే ఆ కొసన వాల్వులు అదిరేవి. నెల తిరక్కుండా ఆవిడ అక్కడి అమ్మాయిలందరికీ వదినైంది, ఆ తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్‌కి, చివరికి ఆ సంస్థకంతటికీ అధికారైన పెద్దాయనకు కూడా. పెద్దాయన చివర 'గారు' తగిలించేవాడు, అంతే తేడా. మరిది గురించి కూడా ఒక్క ముక్క. మంచి పొడగరి, ఉంగరాల జుట్టు, ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ తల తిప్పి చూసే మనిషి. కథకు ఇది అవసరం లేదు గానీ, ఉన్నమాట దాచడమెందుకు.

ప్రోగ్రాములు రాసేవాళ్ళ గది హాలు పక్కనే. మధ్య గోడకు రైలు టిక్కెట్లు అమ్మే కిటికీ లాంటిదొకటి ఉండేది. రాసిన కాగితాలు ముందు టేపు గదికి వెళ్ళి, అక్కడ పొడుగాటి కాగితం టేపు మీద చిల్లులుగా మారేవి. ఆ టేపును చుట్ట చుట్టి కిటికీలోంచి లోపలికిస్తే, ఎప్పుడో అదే కిటికీలోంచి జవాబు బయటికొచ్చేది. రాసేవాళ్ళు హాల్లో అడుగు పెట్టకూడదన్నది రూలు. ఎవరు రాశారో యంత్రానికి అక్కర్లేదు, యంత్రం ఎలా ఉంటుందో రాసేవాళ్ళకు అక్కర్లేదు, ఇదీ పెద్దాయన లెక్క.

రాయడంలో ఉన్న తిప్పలు చెప్పాలంటే యంత్రం జ్ఞాపకాన్ని ఒక వీధి అనుకోవాలి. వీధి పొడుగునా ఇళ్ళు, ప్రతి ఇంటికీ నంబరు, ఒక్కో ఇంట్లో ఒక్కో ఆజ్ఞ. ఫలానా నంబరు ఇంట్లో ఉన్నది తీసుకో, ఫలానా ఇంట్లో ఉన్నదానికి కలుపు, తక్కువైతే ఫలానా ఇంటికి వెళ్ళు. అంతా బాగానే ఉంటుంది, మధ్యలో ఒక ఆజ్ఞ మరిచిపోయామని గుర్తొచ్చేదాకా. అప్పుడు మధ్యలో కొత్త ఇల్లు ఇరికించాలి. దాని తర్వాతి ఇళ్ళన్నీ తలా ఒక గడప జరగాలి. పాత నంబరు ఎక్కడెక్కడ రాసి ఉందో వెతికి, చెరిపి, కొత్తది రాయాలి. ఒక్కటి తప్పిపోయిందా, యంత్రం పాత నంబరు పట్టుకుని నేరుగా వెళ్ళి, ఆ ఇంట్లో ఇప్పుడెవరుంటే వాళ్ళే తన చుట్టాలనుకుని పీట వాల్చుకుని భోజనానికి కూర్చునేది. పైగా కడుపునిండా తిని వచ్చి జవాబు కూడా చెప్పేది.

అందుకని ఆ గదిలో పెన్సిలు చప్పుడు కంటే రబ్బరు చప్పుడే ఎక్కువ. అమ్మాయిల చిటికెన వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. సాయంత్రం లేచి చీర దులుపుకుంటే రబ్బరు పొట్టు రాలేది.

ఒక్కడికి మాత్రం రబ్బరు అవసరం ఉండేది కాదు. ఆ గదికి పెద్ద, కంఠస్థం గారు. అసలు పేరు జీతాలిచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎంత పొడుగు ప్రోగ్రామైనా ఏ ఇంట్లో ఏముందో కళ్ళు మూసుకుని ఒప్పజెప్పేవాడు. మధ్యలో ఇల్లు ఇరికిస్తే ఎవరెవరు ఎక్కడికి జరుగుతారో వేళ్ళతో బల్ల మీద తాళం వేసుకుంటూ చెప్పేవాడు. ఆయన సొంత ఇంటి నంబరు అడిగితే మాత్రం తడుముకునేవాడని అమ్మాయిలు నవ్వుకునేవారు.

వదిన ఒకరోజు చెరిపిన చోటనే మళ్ళీ మళ్ళీ చెరిపితే కాగితానికి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి బల్ల కనిపించింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. మనుషుల్ని నంబర్లు పెట్టి పిలుచుకోం కదా, ఆజ్ఞల్ని మాత్రం ఎందుకు పిలవాలి అనుకుంది. పేర్లు పెడితే పోతుంది. ఏ పేరు ఏ ఇంట్లో ఉందో చూసి నంబరు వేసుకునే చాకిరీ యంత్రమే చేసుకుంటుంది. కూడిక వచ్చు, పోల్చి చూడటం వచ్చు, అంతకంటే ఇందులో ఏముంది?

పేర్లంటే ఎదురుగా ఉన్న పేర్లే తోచాయి. మొత్తం దాచే చోటుకు అత్తగారు అని పెట్టింది. గుణకారం చేసిపెట్టే చోటుకు మరిది. అడ్డొచ్చి ఆరా తీసే చోటుకు ఆడపడుచు. ఎవరి పని వాళ్ళు చేసుకుని తిరిగి మొదటికి రావడానికి పుట్టిల్లు. అప్పట్లో వాళ్ళ గది చేతిలో ఉన్నది ఒక వంతెన లెక్క. ఏ బరువు ఎక్కడ నిలబడితే వంతెన ఎంత కుంగుతుందో చెప్పాలి. కంఠస్థం గారు దాన్ని నంబర్లతో రాయిస్తూంటే, వదిన అదే లెక్కను ఇంటి దగ్గర పేర్లతో రాసింది. చదివితే ఒక ఉమ్మడి కాపురంలా ఉండేది. 'బరువు తీసుకుని మరిదికివ్వు. మరిది ఇచ్చింది అత్తగారికి కలుపు. బరువు నడిమికొస్తే ఆడపడుచు దగ్గరికి వెళ్ళు. అన్నీ అయితే పుట్టింటికి వెళ్ళు.' ఆ పేర్లను నంబర్లుగా మార్చే ప్రోగ్రాము వేరే రాసింది. అది అసలు సిసలు పని, ముద్దూ ముచ్చటా లేని పని. దాన్ని మాత్రం నంబర్లతోనే రాయక తప్పలేదు, చెరుపుతూ, తిట్టుకుంటూ.

రాసినంత మాత్రాన ఏమవుతుంది, యంత్రం మీద నడవాలి కదా. వదిన కాగితాలు పట్టుకుని పెద్దాయన గదికి వెళ్ళింది.

పెద్దాయన చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు, మొదటి కాగితం శ్రద్ధగా చదివాడు, రెండోదానికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. యంత్రాన్ని లెక్కలు చెయ్యడానికి కట్టామనీ, నంబర్లు వెయ్యడం గుమాస్తా పని అనీ, అంత గొప్ప యంత్రాన్ని గుమాస్తాగిరీకి వాడటం ఏనుగును పూలకుండీ మోయించడానికి పిలవడం లాంటిదనీ నెమ్మదిగా నచ్చజెప్పాడు.

"నంబర్లు వెయ్యడానికే కదండీ మీ అమ్మాయిలంతా ఉన్నది," అన్నాడు చివరికి.

వదినకు చెవులు వేడెక్కాయి. "అమ్మాయిలు లెక్కలు చదువుకుని వచ్చారండీ. రబ్బరు అరగదీయడానికి కాదు."

పెద్దాయన కాగితాలు సర్ది, అంచులు సమంగా బల్లకు తట్టి తిరిగిచ్చాడు. వంతెన పని అయ్యేదాకా ఈ మాట మళ్ళీ ఎత్తవద్దన్నాడు. ఎత్తితే, రాసే పని మీద మనసు లేదనుకుని టేపు గదికి మార్చాల్సి వస్తుందన్నాడు. టేపు గదంటే ఎవరో రాసింది చూసి చిల్లులు కొడుతూ కూర్చోవడం. అందులో తప్పేం లేదు, కాకపోతే అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ రాసే గదికి రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో వదిన విసురుగా బట్టలు మడత పెడుతోంది. భర్త ఓడ మీద ఉద్యోగానికి వెళ్ళాడు, వచ్చేసరికి ఇంకా నెలలు పడుతుంది. ఎదురుగా అత్తగారు కూర్చుని కోడలు మడత పెట్టిన ప్రతిదాన్నీ విప్పి మళ్ళీ మడత పెడుతోంది.

"చొక్కా మీద కోపం తియ్యకే. అదేం చేసింది," అంది అత్తగారు.

వదిన జరిగింది చెప్పింది. యంత్రం సంగతి అత్తగారికి ఎంత అర్థమైందో తెలియదు గానీ, ఏనుగూ పూలకుండీ మాట దగ్గర మడత ఆపింది. తర్వాత అసలు విషయం అడిగింది.

"అందులో నేనూ ఉన్నానన్నావు. నాతో ఏం పని చేయిస్తున్నావు?"

"మీరేం చెయ్యరు అత్తయ్యా. అందరూ తలా ఇంత తెచ్చి మీ దగ్గర పోస్తారు. ఆఖర్న మొత్తం మీ దగ్గరే ఉంటుంది. ఎవరికేం కావాలన్నా మిమ్మల్నే అడగాలి."

అత్తగారు కాసేపు ఆలోచించింది. యంత్రానికి బుద్ధి ఉందని ఒప్పుకుంది.

అంతవరకూ గుమ్మంలో నిలబడి వింటున్న మరిది అప్పుడు నోరు విప్పాడు. వాల్వులు ఆర్పి వెలిగిస్తే ఊరికే పగులుతాయని యంత్రాన్ని భోజనాల వేళ కూడా ఆర్పరు. అందరూ భోజనానికి పోతే అది ఖాళీగా వేడెక్కుతూ పడి ఉంటుంది. కాపలా తనొక్కడే. వదిన టేపు ఇస్తే తను పెడతానన్నాడు.

"నువ్వు పెట్టడం కాదు, నేను రావాలి. అది ఎక్కడ తడబడిందో నా కళ్ళతో చూడాలి."

"రూలు వదినా. పెద్దాయనకి తెలిస్తే నా ఉద్యోగం నీ టేపుకి చుట్టి కిటికీలోంచి ఇచ్చేస్తాడు."

ఈ చర్చ అత్తగారికి నచ్చలేదు. మరిది ఏనాడూ టిఫిను క్యారియరు గుర్తుపెట్టుకుని తీసుకెళ్ళిన పాపాన పోలేదు. కొడుక్కి అన్నం తెచ్చిపెట్టడానికి కోడలు హాల్లోకి వెళ్తే రూలు ఏం చేస్తుందో తనూ చూస్తానంది. రేపటి నుంచి ఇద్దరి భోజనం ఒకటే క్యారియర్లో పెడతాననీ, ఇద్దరూ ఒకచోట కూర్చుని తినాల్సిందేననీ తేల్చేసింది. ఆ ఇంట్లో అదీ రూలు.

అలా వదిన యంత్రం హాల్లో మొదటిసారి కాలు పెట్టింది, చేతిలో క్యారియరుతో, కొంగు కింద టేపుతో.

లోపల వేడి గాలి ముఖానికి కొట్టింది. యంత్రానికి ఒక స్పీకరు తగిలించి ఉండేది. లెక్క నడుస్తున్నంతసేపూ అది తుమ్మెదలా రొద పెట్టేది, లెక్కను బట్టి రొద మారేది. మరిది మెతుకు ముట్టకుండా తలుపు వైపు చూస్తూ కూర్చుంటే, వదిన టేపు మొదలును పళ్ళచక్రానికి తగిలించి మీట నొక్కింది. తుమ్మెద రెండు సార్లు గుర్రుమని ఊరుకుంది.

మొదటిరోజు అంతే. మర్నాడు ఇంకొంచెం దూరం నడిచి, ఒక్కచోటే తిరుగుతూ ఆపకుండా ఈల వేసింది. వదిన కళ్ళు మూసుకుని ఆ ఈల విని, ఎక్కడ చిక్కుకుందో తెలుసుకుని, తప్పు చిల్లు మీద కాగితం ముక్క అంటించి, పక్కన కొత్త చిల్లు పొడిచింది. ఆ చిల్లుల పొట్టు ఆవిడ జుట్టు నిండా చేరేది. ఇంటికెళ్ళాక అత్తగారు దువ్వెనతో తీస్తూ, ఇదేం ఉద్యోగమే, పావురాలు మేపుతున్నావా అనేది.

ఆ తర్వాతి మధ్యాహ్నం తుమ్మెద సన్నగా, సమంగా రొద పెట్టింది. రొద ఆగాక అవతలి వైపు నుంచి కొత్త టేపు బయటికి రావడం మొదలైంది. వదిన దాన్ని వాల్వుల వెలుగుకు ఎత్తి పట్టుకుని బొటనవేలితో చిల్లులు తడుముతూ చదివింది. తను మరిది అని రాసిన చోట నంబరు ఉంది. అత్తగారు అన్న చోట ఇంకో నంబరు ఉంది. పుట్టిల్లు వీధి మొదట్లో, ఉండాల్సిన చోటే ఉంది. టేపు నేల మీద కుప్పగా పడుతోంది, ఆవిడ ఇంకా చదువుతూనే ఉంది. కిటికీ అవతల అమ్మాయిలు ఒకరి భుజం మీద ఒకరు ఎక్కి చూస్తున్నారు. మరిది అప్పుడు తిన్నాడు, ఇద్దరి భోజనమూ.

తల ఎత్తేసరికి తలుపు దగ్గర కంఠస్థం గారు ఉన్నాడు, చేతులు తుడుచుకుంటూ. ఎప్పుడొచ్చాడో తెలియదు. పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెబుతాడనుకుంది. ఆయన వంగి టేపు కొస పట్టుకుని కొంచెం చదివి వదిలేశాడు.

"మనుషులు పేర్లు మరిచిపోతారు వదినగారూ," అన్నాడు. "అంకెలు ఎక్కడికీ పోవు." అని తన భోజనం డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పలేదు కూడా.

ఆ మరుసటి ఉదయమే వంతెన ఇంజనీరు వచ్చాడు. బూట్ల నిండా బురద. పెద్దాయన గదిలో తివాచీ అంచు దగ్గరే ఆగి, అక్కడి నుంచే గట్టిగా మాట్లాడాడు. నది నడిమి స్తంభం కోసం తవ్వితే అడుగంతా మెత్తటి ఒండ్రు. అక్కడ స్తంభం నిలవదు. నడిమి స్తంభం తీసేసి ఒడ్డు నుంచి ఒడ్డుకు ఒకే దూకులో వంతెన వెయ్యాలి. లెక్కలన్నీ మళ్ళీ కావాలి, అదీ నీళ్ళు పెరిగేలోపు.

పెద్దాయన కబురు పెడితే రాసేవాళ్ళూ మరిదీ వచ్చారు. కంఠస్థం గారు కళ్ళు మూసుకుని బల్ల మీద వేళ్ళు ఆడించాడు. నడిమి స్తంభం భాగమంతా తీసెయ్యాలి, మిగతా ఇళ్ళన్నీ ముందుకు జరగాలి. గదిలో అందరూ కూర్చుంటే ఎల్లుండికి అవుతుందన్నాడు.

"రేపు మధ్యాహ్నానికి ఇస్తాను," అంది వదిన.

ఎలా ఇస్తావని పెద్దాయన అడిగాడు. వదిన దాచలేదు. పేర్ల ప్రోగ్రాము నడుస్తోందనీ, భోజనాల వేళ నడిపి చూశాననీ చెప్పింది. పెద్దాయన మరిది వైపు చూశాడు. మరిది పైకప్పు వైపు చూశాడు.

వంతెన ఇంజనీరుకు వీళ్ళ తగువుతో పని లేదు. ఇద్దరినీ చెయ్యమన్నాడు. రెండు జవాబులూ ఒకటే అయితే తనకు మరింత ధైర్యం కదా అన్నాడు. పెద్దాయన ఆయన ముందు కాదనలేకపోయాడు. ఇంజనీరు మెట్లు దిగాక మాత్రం వదినను ఆపాడు.

"మీది సరిగ్గా నడవకపోతే రేపే టేపు గదికి వెళ్తారు వదినగారూ. నాకూ ఇష్టం లేదు. కానీ వెళ్తారు."

ఆ రోజంతా రాసే గదిలో రబ్బరు పొట్టు మంచులా కురిసింది. కంఠస్థం గారు నిలబడి పాత నంబరూ కొత్త నంబరూ చెబుతుంటే అమ్మాయిలు చెరుపుతున్నారు, రాస్తున్నారు. వదిన ఒక మూల కూర్చుని, నడిమి స్తంభం లెక్క చూసే ఆడపడుచు భాగం మీద పెన్సిలుతో ఒక్క గీత అడ్డంగా గీసింది. అంతే. ఆడపడుచు పోయింది. మిగతావాళ్ళు ఎవరి నంబర్లు వాళ్ళు రేపు యంత్రం దగ్గర తీసుకుంటారు. ఇంత తేలికగా అయిపోయినందుకు ఆవిడకే భయమేసింది. కాగితాలు మళ్ళీ తిరగేసింది. ఏం కనబడలేదు. అమ్మాయిలు అలిసిపోతున్నారని వెళ్ళి వాళ్ళకూ కాసేపు చెరిపి పెట్టింది. కంఠస్థం గారు మాత్రం ఎల్లుండి అన్న పని రేపటికి కావాలని అందరినీ తరిమాడు. పంతం అంటే అది.

మర్నాడు హాల్లో ఎన్నడూ లేనంత మంది. రాసేవాళ్ళను కూడా రానిచ్చారు, గోడకు ఆనుకుని నిలబడాలని షరతు పెట్టి.

ముందు కంఠస్థం గారి టేపు. మరిది చేతులు తుడుచుకుని పెట్టాడు. తుమ్మెద రొద ఎత్తుకుంది, చివరిదాకా తడబడలేదు. పక్కనున్న అచ్చు యంత్రం టకటకా కాగితం మీద అంకెలు కొట్టి, వరస వెనక వరస నింపి, పని ముగించి ఆగింది. గోడ దగ్గర చప్పట్లు కొట్టారు. పెద్దాయన కంఠస్థం గారి చెయ్యి పట్టుకుని ఊపాడు. వంతెన ఇంజనీరు కాగితాలు చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

తర్వాత వదిన టేపు. ముందు పేర్లను నంబర్లుగా మార్చాలి. రొద మొదలైంది. సన్నగా, సమంగా, ఆవిడకు బాగా తెలిసిన రొద. సగం దాటింది. వదిన ఊపిరి వదిలింది.

రొద ఠక్కున ఆగింది.

ఆ హాల్లో నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. వాల్వులు కాలుతున్న సన్న చప్పుడు వినబడింది. అచ్చు యంత్రం కదిలి, ఒకే ఒక్క మాట కొట్టి ఊరుకుంది. మరిది కాగితం చింపి చూశాడు, వదిన వైపు చూశాడు, బయటికి చదవక తప్పలేదు.

"ఆడపడుచు."

గోడ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆడపడుచు అలిగిందన్నారొకరు. సారె పెట్టి పంపాల్సిందన్నారు ఇంకొకరు. వంతెన ఇంజనీరు కూడా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, ఆయన అలా తుడుచుకున్నాడంటే మాట అయిపోయినట్టే.

వదిన ఆ కాగితం అందుకుంది. ఆ ఒక్క మాటనే చూస్తూ నిలబడింది. ఆడపడుచును తీసేశాను కదా, మరి యంత్రం ఆవిడ పేరెందుకు ఎత్తింది? ఎవరో ఆవిడ కోసం వెళ్ళి ఉండాలి. వెళ్తే ఇల్లు లేదు. అప్పుడు గుర్తొచ్చింది. 'బరువు నడిమికొస్తే ఆడపడుచు దగ్గరికి వెళ్ళు.' మనిషిని తీసేసింది గానీ, ఆ మనిషి దగ్గరికి వెళ్ళమన్న ఆజ్ఞ అలాగే ఉంచేసింది.

ఆవిడ ఎవరి అనుమతీ అడగలేదు. బల్ల దగ్గర కూర్చుని టేపులో ఆ ఆజ్ఞ ఉన్న ముక్క కత్తిరించి, రెండు కొసలూ జిగురుతో అతికి, ఆరేదాకా నోటితో ఊదింది. ఒక్క నంబరు కూడా మార్చలేదు. టేపు మరిదికిచ్చింది. మరిది పెద్దాయన ముఖం చూడకుండా పెట్టేశాడు. రొద మొదలై, సగం దాటి, ఆగిన చోటు దాటి, చివరిదాకా వెళ్ళింది. బయటికొచ్చిన కొత్త టేపు మళ్ళీ ఎక్కింది. అచ్చు యంత్రం అంకెలు కొట్టసాగింది.

అప్పుడు వదిన కంఠస్థం గారి దగ్గరికి వెళ్ళి, గోడ దగ్గరివాళ్ళకు వినబడకుండా అడిగింది. "నడిమి స్తంభం దగ్గరికి పంపే ఆజ్ఞ, మీరు తీసేశారా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. వేళ్ళు తొడ మీద తాళం వేశాయి, ఒక ఇల్లు, ఇంకో ఇల్లు, మరో ఇల్లు. మధ్యలో ఒకచోట వేలు లేచి, కిందికి దిగలేదు.

కళ్ళు తెరిచి నేరుగా వంతెన ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన చంకలోంచి కాగితాల చుట్ట తనే తీసుకుని బల్ల మీద పరిచి, వేలితో నడిమి వరస దాకా వచ్చి ఆగాడు. బరువు సరిగ్గా నది నడిమిన నిలబడితే వంతెన ఎంత కుంగుతుంది? యంత్రం జవాబు సున్నా.

"నది మధ్యలో ఒడ్డు కట్టాను," అన్నాడు కంఠస్థం గారు. గొంతు మామూలుగానే ఉంది. "నాదీ అదే ఆజ్ఞ ఉండిపోయింది. ఆ నంబరు ఇంట్లోకి ఇప్పుడు ఒడ్డు లెక్క వచ్చి చేరింది. యంత్రం అక్కడికి పోయి, ఇది గట్టి నేల, కుంగదు అని చెప్పింది. వదినగారిది ఆగింది. నాది ఆగలేదు."

వంతెన ఇంజనీరు ఆ సున్నాను చాలాసేపు చూశాడు. ఆ తర్వాత అచ్చు యంత్రం దగ్గరికి వెళ్ళి, వదిన కాగితాల్లో నడిమి వరస వచ్చేదాకా నిలబడ్డాడు. అక్కడ పెద్ద అంకె ఉంది, అన్నిటికంటే పెద్దది, ఉండాల్సిన చోట. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వంతెన మీద నా పిల్లలు కూడా నడుస్తారు," అన్నాడు పెద్దాయనతో. "తెలియనిచోట ఆగే యంత్రమే నాక్కావాలి. ఇకనుంచి నా పని ఈవిడ పద్ధతిలోనే చేయించండి."

పెద్దాయన కళ్ళజోడు చేతిలోనే ఉంది. పెట్టుకోవాలో తుడవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఆఖరికి పెట్టుకుని, వదిన కొంగుకు అంటిన జిగురును చూశాడు.

"భోజనాల వేళ మానెయ్యండి వదినగారూ. ఆరోగ్యానికి మంచిది కాదు." తలుపు వైపు చెయ్యి చూపించాడు. "రేపటి నుంచి పొద్దున్న పూట యంత్రం మీది. మధ్యాహ్నం నుంచి మిగతావాళ్ళు చూసుకుంటారు. తలుపు మీకోసం తీసే ఉంటుంది."

గోడ దగ్గర అమ్మాయిలు ఈసారి చప్పట్లు కొట్టలేదు. ఒకమ్మాయి చేతిలోని రబ్బరును కిటికీలోంచి అవతలి గదిలోకి విసిరేసింది. తర్వాత అందరూ విసిరేశారు.

అప్పటి నుంచి ఆ కిటికీ క్యారియర్లు అందించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. రాసేవాళ్ళంతా తలుపులోంచే వచ్చారు. పేర్ల పద్ధతి నేర్చుకోవడానికి అందరికంటే ముందొచ్చి కూర్చున్నది కంఠస్థం గారు. మొదటి చోటుకు ఏదైనా పేరు పెట్టమని వదిన అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, మొహమాటపడుతూ ఒక నంబరు చెప్పాడు.

వంతెన లేచింది. ఇప్పటికీ ఉంది. లారీలు పోతే నడిమిన సరిగ్గా వదిన చెప్పినంతే కుంగుతుంది. అత్తగారిని ఒకసారి దాని మీదికి తీసుకెళ్ళారు. ఆవిడ నడిమిన నిలబడి కాలితో తట్టి చూసి, మొత్తం తన దగ్గరే ఉంది కదా, ఎలా పడుతుందంది.

ఇక మొదట్లో ఆవిడే మొట్టమొదటి మనిషి అని గొప్పలు పోయిన సంగతి. ఎదురుగా కూర్చున్నవాళ్ళెవరైనా ఉంటే లేవచ్చు, వాళ్ళదే గెలుపు. ఆ రోజుల్లోనే సముద్రాలకు అవతల ఇంకొందరు, వాళ్ళలోనూ ఆడవాళ్ళున్నారట, తమ తమ యంత్రాలకు పేర్లు నేర్పేశారని తర్వాత తెలిసింది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ కబురు విని వదిన బాధపడుతుందేమోనని ఇంట్లో అందరూ భయపడ్డారు. ఆవిడ పెద్దగా నవ్వి, "అయితే ఈ పిచ్చి నా ఒక్కదానికే కాదన్నమాట," అంది. ఆ రోజంతా ఇల్లంతా హుషారుగా తిరిగింది.

మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెప్పుకున్నాం, ఒక్కటి తప్ప. ఆ రోజు అచ్చు యంత్రం కొట్టిన మాట ఆడపడుచు కాదు. గుణకారాలు చేసిపెట్టిన గొప్ప చోటుకు వదిన పెట్టిన పేరు ఆడపడుచు. అడ్డొచ్చి ఆరా తీసే చోటుకు, పెన్సిలుతో ఒక్క గీత గీసి తీసేసి మరిచిపోయిన చోటుకు, పెట్టిన పేరు మరిది. అంతమంది ముందు ఆ కాగితం చింపి, తన పేరు తనే బయటికి చదువుకోవాల్సి వచ్చింది ఆ మరిదికి. ఇన్నేళ్ళ తర్వాత కథ చెప్పే అవకాశం తనకే దొరికితే ఆ రెండు పేర్లూ అటూ ఇటూ మార్చుకోకుండా ఎవడుంటాడు, నేనూ మార్చుకున్నాను.

ఉంగరాల జుట్టు సంగతి మాత్రం నిజం.